లావు తీగల సద్దు

నాకు నోటి దురుసు ఎక్కువ. ఈ సంగతి మా ఇంటావిడకే కాదు, రాయచూరులో మా వీధి మొత్తానికి తెలుసు. రేడియోలు, యాంప్లిఫయర్లు, మైకుసెట్లు బాగుచేసే పని నాది. ఇంటి ముందుగదే దుకాణం. తెచ్చినవాణ్ణి నాలుగు తిట్లు తిట్టకుండా నేను ఏ పెట్టె మూతా విప్పి ఎరగను. అయినా మళ్లీ నా దగ్గరికే వస్తారు, పనిలో చెయ్యి తిరిగినవాణ్ణి కాబట్టి. ఆ గర్వంతోనే ఒకసారి ఒక పెద్దమనిషికి చెయ్యకూడని అన్యాయం చేశాను. అది చెప్పుకుంటే గాని మనసు తేలికపడేట్టు లేదు.

ఒక గురువారం పొద్దున ఆయన వచ్చాడు. డెబ్బై దాటిన మనిషి, తెల్లటి పంచె, తలకు రుమాలు. చంకలో పాత దుప్పటిలో చుట్టిన పొడుగాటి వస్తువు. దుప్పటి విప్పితే లోపల హవాయి గిటారు. ఈ కాలం వాళ్లు చాలామంది చూసి ఉండరు. దాన్ని మామూలు గిటారులా పొట్టకు ఆనించి పట్టుకోరు. ఒళ్లో పలకలా పడుకోబెట్టి, తీగల మీద ఉక్కు కడ్డీ జరుపుతూ వాయిస్తారు. వయసులో ఉన్నప్పుడు ఆయన ఒక ఆర్కెస్ట్రా పార్టీలో వాయించేవాడట. పార్టీ మూతపడ్డప్పుడు దాని యజమాని ఈ గిటారు ఆయన చేతిలో పెట్టి వెళ్లిపోయాడట. అప్పటినుంచీ లింగసుగూరు దారిలోని కల్మలలో సేద్యం చేసుకుంటూ, శనివారం శనివారం హనుమంతుని గుడి భజనలో వాయిస్తున్నాడు.

"ఉస్తాద్, దీని ఆవాజ్ కమ్జోరు అయ్యింది," అన్నాడు. "ఏడాది నుంచి కొంచెం కొంచెం తగ్గుకుంట వస్తుంది. జర చూడు."

"వాల్యూమ్ పెంచుకోరాదా పెద్దాయనా?"

"పెంచిన. పెంచి పెంచి ఆఖరికి వచ్చింది. ఇంగ పెంచనీకి లేదు. నాకేమో సరిగ్గ ఇనపడదు, భజనల పక్కన కూసున్నోళ్లేమో చెవులు మూసుకుంటరు." కొంచెం ఆగి, నా ముఖంలోకి చూసి అన్నాడు. "భజన మండలోళ్లు నా చెవులే పోయినయంటున్నరు. మా ఇంట్ల గూడ అదే మాట. అందరు మొహమాటంతోని సగం చెప్పి సగం మింగుతరు. నువ్వు మొహమాటం లేని మనిషివని ఇని వచ్చిన. ఒక్క మాట చెప్పు. కమ్జోరు దీంట్ల ఉందా, నాల ఉందా?"

నీలోనే ఉందని చెప్తే ఏం చేస్తావని అడిగాను.

"ఏం జేస్త? ఎల్లుండి శనివారం. హనుమంతునికి దండం పెట్టి లేస్త. కీబోర్డు వాయించే పిలగాణ్ణి మాట్లాడి పెట్టుకున్నరు వాళ్లు. నాకు చెప్పలేక నానుస్తున్నరు."

ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతు మామూలుగానే ఉంది. చేతులు మాత్రం దుప్పటిని మడతపెట్టడం, విప్పడం, మళ్లీ మడతపెట్టడం. నేను చూశాను, కాని పట్టించుకోలేదు. బల్ల మీద రెండు యాంప్లిఫయర్లు పొట్టలు తెరుచుకుని పడున్నాయి, సాయంత్రానికి ఇవ్వాలి.

ముందు వైరు మార్చి చూశాను. తేడా లేదు. వాల్యూమ్ కంట్రోల్ విప్పి దుమ్ము ఊది, నూనె చుక్క వేశాను. తర్వాత పికప్. తీగల కింద ఉండే ఈ పికప్ గిటారుకు చెవి లాంటిది. అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుక కంటే సన్నని రాగితీగ వేల చుట్లు. పైన తీగ కదిలితే ఆ కదలిక ఇందులో కరెంటయి యాంప్లిఫయరుకు పోతుంది. పాత పికప్పుల్లో ఆ రాగితీగ ఎక్కడో తెగి సద్దు పడిపోతుంటుంది. మీటరు పెట్టి చూశాను. ఎక్కడా తెగలేదు, లెక్క సరిగ్గా చూపిస్తోంది. స్క్రూడ్రైవరు మొనతో పికప్ మీద తట్టాను. స్పీకర్లో టక్కుమని గది అదిరింది. చేతికి అందిన సన్న తీగ ఒకటి మీటాను. గణగణమంది.

ఈ పని జరుగుతుంటే లోపల వంటింట్లో మా ఇంటావిడ తనలో తను గొణుక్కుందట, తర్వాత చెప్పింది. "పాపం ఎంతసేపటి నుంచి కూసున్నడో పెద్దాయన. చాయ్ ఇయ్యాల్నా వద్దా, అడిగితే ఈయన కసురుతడు."

"వద్దమ్మా, తాగొచ్చిన," అన్నాడు ఆయన ఇక్కడినుంచే.

నేను తల కూడా ఎత్తలేదు. మీటరు వైర్లు చుట్టిపెట్టి చేతులు దులుపుకున్నాను.

"పెట్టెకు ఏ రోగం లేదు పెద్దాయనా. వయసైంది, చెవులు పోయినయి. ఒప్పుకోనీకి మనసు రాక గిటారు మీద పెడుతున్నవు. నా దగ్గరికి కాదు, చెవుల డాక్టరు దగ్గరికి పో."

అన్నాను. అచ్చంగా ఇవే మాటలు. ఇప్పుడు రాస్తుంటే వేళ్లు ముడుచుకుంటున్నాయి.

"మంచిది," అన్నాడు ఆయన. దుప్పటి మాత్రం తీసుకుని లేచాడు. "గిటారు నీకాడ్నే ఉండనీ ఉస్తాద్. ఎవరన్న వాయించేటోళ్లు వస్తే ఇయ్యి. ఇంట్ల ఉంటే చూసినప్పుడల్లా..." ఆ వాక్యం పూర్తి చెయ్యలేదు. గడప దిగి వెళ్లిపోయాడు.

ఆయన వీధి మలుపు తిరిగాడో లేదో మా ఇంటావిడ చీపురు చేతిలోనే పట్టుకుని బయటికొచ్చింది.

"చెవులు పోయినయా ఆయనకు? నేను పొయ్యి కాడ గొణుక్కున్నది ఇని జవాబు చెప్పిండు. ఆయన పక్కనే ఉన్న నీకు ఇనపడలేదు. ఎవరికి పోయినయి చెవులు?"

"నీకేం తెలుసు, మీటరు చూపించింది," అన్నాను.

"మీటరుకు ఏం తెలుసు," అని లోపలికి పోయింది.

నాకు తెలియక కాదు. నాకే రెండేళ్లుగా చెవులు మందగించాయి. కుక్కర్ విజిల్ వినపడదు, ఫోను మోగితే ఆవిడ వచ్చి భుజం తట్టాలి. డాక్టరు అప్పుడే చెప్పాడు, వయసుతో పోయే చెవిలో సన్న సద్దులు ముందు పోతాయి, లావు సద్దులు చాలాకాలం నిలుస్తాయి అని. అది ఇప్పుడు గుర్తొచ్చింది. ఆయనకు ఏ తీగ వినపడడం లేదో నేను అడగనే లేదు.

శుక్రవారం మిగతా పనులన్నీ పక్కనపెట్టి గిటారు ఒళ్లో పెట్టుకున్నాను. ఆరు తీగలు. అవతలి అంచున ఉన్న రెండు సన్న తీగలు మీటితే చెవిలో గుచ్చుకునేంత సద్దు. ఇవతలి నాలుగు లావు తీగలు మీటితే గోడ అవతల ఎవరో వాయిస్తున్నట్టుంది. వాల్యూమ్ నిండా పెంచాను. లావువి కొద్దిగా పైకి లేచాయి, సన్నవి మాత్రం అరిచాయి. భజనలో చెవులు మూసుకున్నది అందుకే. పాపం ఆయన లావు తీగల కోసం పెంచుతుంటే, సన్న తీగలు పక్కవాళ్ల చెవులు తినేస్తున్నాయి. చెవుడు వచ్చింది కాబట్టి పెంచుతున్నాడని వాళ్లనుకున్నారు. లోకం మీద కోపం రావాల్సింది, నాకు నా మీదే వచ్చింది.

సరే, తప్పు గిటారులోనే ఉంది. ఎక్కడ? పికప్ ఊడదీశాను. ఏళ్ల తరబడి ఆయుధపూజలకు పెట్టిన పసుపూ కుంకుమా దాని సందుల్లో గట్టిపడి అట్టకట్టి ఉన్నాయి. బ్రష్షుతో గోకి శుభ్రం చేశాను. మళ్లీ బిగించాను. అంతే సద్దు. అయస్కాంతం చచ్చిందేమో అనుకున్నాను. చావలేదు, స్క్రూడ్రైవరును లాక్కుంటోంది. పికప్‌ను లావు తీగల వైపు కొంచెం ఎత్తుదామని మర తిప్పుతూ, కుదరక, దాని యజమానిని, చేసినవాణ్ణి, మా ఇంటి కరెంటును కలిపి తిడుతున్నాను. అప్పుడే స్క్రూడ్రైవరు మొన సన్న తీగ దగ్గరికి జరిగింది. నా స్క్రూడ్రైవరు కొన్నేళ్లుగా అయస్కాంతాల మధ్య తిరిగి తనే అయస్కాంతమైంది. సన్న తీగ వణికి వచ్చి దానికి అతుక్కుంది. లావు తీగ దగ్గర పెట్టాను. ఉలుకూ పలుకూ లేదు. రెండోది, మూడోది, నాలుగోది. ఏదీ కదల్లేదు.

ఇత్తడి! నాలుగూ ఇత్తడి తీగలు. పికప్‌కు ఇనుమూ ఉక్కూ కదిలితేనే తెలుస్తుంది. ఇత్తడి ఎంత ఊగినా దానికి లేనట్టే. ఆయన ఒళ్లో ఆ తీగలు పలుకుతూనే ఉన్నాయి, చెక్క అదురుతో పోయే కాస్త సద్దు తప్ప స్పీకర్లోకి మాత్రం పోవడం లేదు. గిటారు తీగల్లో పైకి పచ్చగా కనబడేవి ఉంటాయి, వాటి లోపల ఉక్కే ఉంటుంది. దానికి తోడు పూజ పసుపు. ఆ పచ్చరంగు అందుకే నాకు తట్టలేదు. ఇప్పుడు చూస్తే తీగల చివర ముళ్లు కూడా చేత్తో మెలిపెట్టి వేసినవి. తంబూరాకు వేసే తీగలవి.

ఫోను చేద్దామంటే నంబరు తీసుకోలేదు. ఉన్నా, అది ఫోనులో చెప్పే మాట కాదు. ముఖం మీద అన్నదాన్ని ముఖం మీదే వెనక్కి తీసుకోవాలి. శనివారం పొద్దున్నే కొత్త ఉక్కు తీగల పొట్లం జేబులో పెట్టుకుని, గిటారు మా ఇంటి దుప్పటిలో చుట్టి లింగసుగూరు బస్సెక్కాను. ఆ సాయంత్రమే భజన. కల్మలలో దిగి గిటారు వాయించే పెద్దాయన ఇల్లెక్కడని అడిగితే, బస్సు దగ్గరున్న మనిషి ముందు అర్థం కాక, నా చేతిలో మూట చూసి, "ఓ, ఇస్త్రీ వాయించేటాయననా," అని నవ్వి దారి చూపించాడు. కడ్డీ అటూ ఇటూ జరపడం ఊరివాళ్లకు ఇస్త్రీ చేస్తున్నట్టు కనబడుతుందట.

ఇల్లు ఇంకా కనబడకముందే ఒక ఆడమనిషి అరుపు వినబడింది. "బువ్వ తింటవా అంటున్నా! బువ్వ!" పొలం అవతలి గట్టున ఉన్నవాణ్ణి పిలిచినట్టుంది. తీరా చూస్తే ఆయన ఆమెకు నాలుగడుగుల దూరంలో, ఇంటి ముందు అరుగు కట్ట మీద నావైపు వీపు పెట్టి కూర్చుని చేటలో కందులు ఏరుతున్నాడు. అరిచినామె ఆయన భార్య. నన్నూ, దుప్పటి మూటనూ చూడగానే నేనెవరినో పోల్చుకుంది. గబగబా వాకిలి దాటి వచ్చి, నా మోచెయ్యి పట్టుకుని గోడ పక్కకు లాగింది. గొంతు పూర్తిగా తగ్గించి గుసగుసగా చెప్పింది.

"తమ్మీ, నీకు దండం పెడ్త. ఆయన ముందర చెవుల మాట మల్ల ఎత్తకు. నీ దగ్గర్నుంచి వచ్చినకాడి నుంచి బువ్వ ముట్టలేదు. గిటారు ఖరాబైంది, ఇంగ బాగుగాదు అని చెప్పు. తప్పు దాని మీద పెట్టు. దానికేం, కర్ర, బాధ పడ్తదా?"

నేను నోరు తెరిచేలోపల కట్ట మీద నుంచి, వెనక్కి తిరగకుండానే, ఆయన అన్నాడు.

"అబద్ధం చెప్పే మనిషైతే నేను ఆయన దగ్గరికి పోతుంటినా?"

ఆమె చెయ్యి నా మోచేతి మీదే ఉండిపోయింది. తర్వాత తేరుకుని, అలవాటు కొద్దీ, ఊరంతా వినేట్టు, "ఇనపడ్డదా నీకు?" అని అరిచింది.

"అరవకు. ఇనపడ్డది," అన్నాడు ఆయన.

ఇంక నేను ఆగలేదు. వెళ్లి కట్ట మీద ఆయన పక్కన కూర్చున్నాను. "పెద్దాయనా, నేను తప్పు చెప్పిన. నీ చెవులు నా చెవుల కంటే మంచిగున్నయి. కమ్జోరు దీంట్లనే ఉండె. నేను సరిగ్గ చూడకుండ నోరు పారేసుకున్న. మాఫ్ చెయ్యి," అన్నాను. పనిలో తప్పు చేశానని నా నోటితో అంతకుముందు ఎవరితోనూ అన్నట్టు గుర్తు లేదు.

ఆయన నమ్మలేదు. ఊరడించడానికి వచ్చాననుకున్నాడు. స్క్రూడ్రైవరు ఆయన చేతికే ఇచ్చి తీగల దగ్గర పెట్టమన్నాను. సన్నది అతుక్కుంది. లావువి అతుక్కోలేదు. రెండోసారి పెట్టాడు, మూడోసారి పెట్టాడు. ఇత్తడి తీగ పికప్‌కు తెలియదని చెప్పి, "ఎవరు చెప్పిండ్రు నీకు గిటారుకు తంబూరా తీగలు వెయ్యమని?" అని అడిగాను. కసురు వద్దనుకున్నా కొంచెం వచ్చింది.

ఆయన మళ్లీ కందుల చేట అందుకున్నాడు. జవాబు చెప్పింది ఆమె.

"నేనే."

గిటారు ఆయన ముట్టేది భజన ఉన్న శనివారమే. శ్రుతి చేస్తుంటేనే పాత తీగ తెగేది. సాయంత్రానికి కావాలి కాబట్టి అప్పటికప్పుడు రాయచూరు పోయి తేవాలి. శనివారం ఇనుము కొని ఇంట్లోకి తెస్తే శని వెంట వస్తాడని మన ఇళ్లల్లో ఉన్నదే. మా అమ్మ శనివారం మేకు కూడా తేనిచ్చేది కాదు. ఈమె కూడా వద్దంది. ఇత్తడైతే దోషం లేదు, దేవుని గంట కూడా ఇత్తడే కదా, అది తెచ్చుకో అంది. ఆయన తంబూరాలు బాగుచేసే దుకాణంలో తంతి కొని, తనే ముడి మెలిపెట్టి వేసుకున్నాడు. సన్న తీగ ఇత్తడిదైతే ఆ పై శ్రుతికి నిలవక టప్పున తెగుతుంది. అందుకని అది తెగినప్పుడు మాత్రం ఆ పూటకు లేకుండానే వాయించి, తర్వాత రోజు ఉక్కుది తెచ్చేవాడు. అలా ఏడాదిలో ఒకటి తర్వాత ఒకటి నాలుగు లావు తీగలూ ఇత్తడివయ్యాయి. సద్దు కూడా అలాగే ఒక్కొక్క మెట్టు దిగింది. చెవులు పోయేది కూడా అలా కొంచెం కొంచెంగానే కదా, ఎవరికీ అనుమానం రాలేదు.

"మరి ఇంత మెల్లగ మాట్లాడినా ఇనపడ్తది కదా నీకు," అన్నాను నేను. "చెవులు పోలేదని నీకు తెల్వదా పెద్దాయనా? అందరికీ ఎందుకు చెప్పలేదు?"

ఆయన కందులు ఏరడం ఆపాడు.

"ఇనపడేది ఇనపడ్తనే ఉండె ఉస్తాద్. కానీ ఇంతమంది పోయినయి పోయినయి అంటుంటే, ఇనపడంది ఇంకెంత ఉందో అనుకుంటి. అది నాకెట్ల తెలుస్తది?"

మనిషిని ఏడాది పాటు తన చెవులను తనే నమ్మకుండా చేశాం, ఇంటివాళ్లూ ఊరివాళ్లూ, ఆఖరున మీటరు పట్టుకుని నేనూ. ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "నీకు ఇనపడదనుకొని నేను పక్కింటామెతోని అన్నవన్నీ ఇన్నవా?" అంది. "అన్నీ ఇన్న. తప్పేం లేదులే, నీ కష్టం చెప్పుకొని ఏడ్సుకుంటివి," అన్నాడు ఆయన.

తీగల పొట్లం బయటికి తీశాను. ఆయన కళ్లు దాని మీద పడ్డాయి, వెంటనే గడప వైపు తిరిగాయి. "ఇయ్యాల శనివారం కదా," అన్నాడు మెల్లగా. "ఇయ్యాల్టికి ఆ పిలగాడు వాయించుకోనీ. రేపు వేద్దాం."

రేపు వేస్తే ఆయన చోట్లో ఇంకొకరు కూర్చుని ఉంటారు. ఒకసారి కూర్చున్నవాణ్ణి మళ్లీ లేపరు. అది ఆయనకు నాకంటే బాగా తెలుసు. తెలిసీ, ఆమె మనసు కష్టపెట్టలేక అంటున్నాడు. నాకు ఒళ్లు మండింది. ఏదో అనబోయాను కూడా. అంతలో ఆమె వచ్చి నా చేతిలో పొట్లం తీసుకుంది. ఏమీ మాట్లాడకుండా దాన్ని గుప్పిట్లో పట్టుకుని గడప దాటి లోపలికి నడిచింది. గోడకున్న హనుమంతుని పటం ముందు నిలబడి రెండు చెంపలూ వేసుకుంది. "దోషముంటే నా మీద పెట్టు స్వామీ, ఆయన మీద వద్దు," అంది. తర్వాత నావైపు తిరిగి, "రా తమ్మీ, లోపల కూసొని వెయ్యి," అని పిలిచింది.

లోపల చాప మీద కూర్చుని ఇత్తడి తీగలు విప్పి నాలుగు ఉక్కు తీగలూ వేశాను. శ్రుతి ఆయనే చేసుకున్నాడు, ఒక్కొక్క తీగకు చెవి వంచి, ఎక్కడా తడబడకుండా. మూలనున్న చిన్న యాంప్లిఫయరుకు వైరు పెట్టాడు. ఏడాది అలవాటులో చెయ్యి దానంతటదే వాల్యూమును చివరికంటా తిప్పింది. నేను చెప్పేలోపే అన్నింటికంటే లావు తీగ మీటి కడ్డీ జరిపాడు. పెంకులు అదిరాయి. గోడ గూట్లోని గిన్నె ఒకటి దొర్లింది. ఆయన అదిరిపడి, మళ్లీ అదే తీగ మీటాడు. మళ్లీ మీటాడు. పాట ఏదీ వాయించలేదు, అదొక్క తీగే. కళ్లల్లోంచి నీళ్లు కారి గడ్డం దాకా వచ్చినా తుడుచుకోలేదు. నేనైతే కళ్లు తుడుచుకున్నాను, సిగ్గేముంది.

వంటింట్లో ఆమె పొయ్యి ముందు కూర్చుని రొట్టె తడుతోంది. మా వైపు తిరగలేదు, గొంతు పెంచలేదు. ఆ గోలలో నాకు ఆమె పెదవులు కదలడమే తెలిసింది. ఏమన్నదో తర్వాత ఆయన్ని అడిగి తెలుసుకున్నాను.

"జర తగ్గించరాదూ, నా చెవులు పోతున్నయి," అన్నదట.

ఆయన మాత్రం అప్పుడే విని, నవ్వి, వాల్యూమ్ తగ్గించాడు.